సరిహద్దు దాటి బాతుల వేటకు: మనుషులు ముగ్గురు, తుపాకీ ఒక్కరి పేరునే

ప్రశ్న: మాది భీమవరం దగ్గర ఉండి మండలంలో ఓ పల్లెటూరు. నాకు 61 ఏళ్లు. చేపల చెరువులున్నాయి. కాపలాకని లైసెన్సున్న 12 బోర్ డబుల్ బ్యారల్ ఉంది. మా అల్లుడు డల్లాస్‌లో ఉంటాడు, గ్రీన్ కార్డు ఉంది. అబ్బాయి కూడా అక్కడే, హెచ్1బి మీద ఉన్నాడు. నాకు పదేళ్ల అమెరికా విజిటర్ వీసా ఉంది. వచ్చే అక్టోబరులో ముగ్గురం కారులో కెనడాలోని సస్కాచవాన్‌కి పెద్దబాతుల వేటకి వెళ్దామంటున్నారు. నా తుపాకీ తీసుకెళ్లొచ్చా? ఏమేం సిద్ధం చేసుకోవాలి? వేటాడిన వాటిలో రెండు బాతులైనా ఇంటికి తెచ్చుకోవచ్చా?

సమాధానం: ముందు మీ చెరువుగట్టు తుపాకీ సంగతి తేల్చేద్దామండి. దాన్ని ఇక్కడే ఉంచండి. మీకున్నది తుపాకీ దగ్గర ఉంచుకోవడానికి ఇచ్చిన లైసెన్సు. దేశం బయటికి తీసుకెళ్లాలన్నా, మళ్లీ లోపలికి తేవాలన్నా 1959 ఆయుధాల చట్టం 10వ సెక్షన్ కింద విడిగా అనుమతి కావాలి. అమెరికాలో దించడానికి వాళ్ల ఏటీఎఫ్ (తుపాకుల వ్యవహారాలు చూసే) శాఖ దగ్గర ముందే ఇంకో అనుమతి, కెనడాలో మరో ప్రకటన. ఇంత తిప్పలు పడి తీసుకెళ్లినా ఆ తుపాకీ అక్కడి పనికి రాదు. కెనడాలో నీటిపక్షుల మీద సీసపు గుళ్లు వాడకూడదు, ఉక్కు గుళ్లో అనుమతించిన వేరే రకాలో వాడాలి. ఉక్కు సీసంలా నలగదు. మన పాత డబుల్ బ్యారళ్లకి మూతి దగ్గర బిగువు ఎక్కువ, లోహం మెత్తన. అందులోంచి ఉక్కు గుళ్లు కాలిస్తే బ్యారల్ మూతి ఉబ్బిపోతుంది.

మీరు ఊళ్లో లేని ఆ నెలల్లో తుపాకీ ఎవరి చేతిలో ఉంటుందన్నది ఇప్పుడే ఆలోచించుకోవాల్సిన విషయం. చెరువు మీద కాపలా మనిషికి ఇచ్చేసి వెళ్లడం మన వైపు చాలాచోట్ల జరిగే పనే. కానీ అతని పేరు మీ లైసెన్సులో రిటెయినర్‌గా, అంటే మీ తరఫున తుపాకీ పట్టుకునే మనిషిగా, ఎక్కి ఉంటే తప్ప, ఇచ్చిన మీరూ పుచ్చుకున్న అతనూ ఇద్దరూ కేసులో ఇరుక్కుంటారు. లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గర భద్రపరచి రసీదు తీసుకోండి. లైసెన్సు గడువు కూడా ఒకసారి చూసుకోండి. 2019 సవరణ తర్వాత గడువు 5 ఏళ్లు. అది మీరు డల్లాస్‌లో ఉండగా ముగిసేలా ఉంటే బయల్దేరకముందే రెన్యువల్‌కి పెట్టండి.

ఇంకో మాట, ఇది చిన్నదిగా కనిపించినా విమానాశ్రయంలో మనుషుల్ని ఆపేది ఇదే. చెరువు మీదకి వేసుకెళ్లే సంచీ, ఖాకీ జాకెట్టు, పాత షేవింగ్ కిట్టు లాంటివి ఏవీ ఈ ప్రయాణానికి వాడకండి. పక్క జేబు అడుగున, లైనింగ్ చిరిగిన చోట, ఎప్పుడో జారిపోయిన ఒక్క తూటా ఉన్నా ఎక్స్‌రేలో ఇత్తడి అడుగు గుండ్రంగా కనపడిపోతుంది. రాజమండ్రి అయినా గన్నవరం అయినా శంషాబాద్ అయినా అక్కడితో విమానం పోయినట్టే, పోలీసుల దగ్గర ఆయుధాల చట్టం కింద కేసు కూడా. ‘లైసెన్సుంది కదా’ అంటే అక్కడ చెల్లదు. కాల్చేసిన ఖాళీ తూటా ఉన్నా ఆపి ప్రశ్నిస్తారు. కొత్త సంచీ కొనుక్కోండి.

ఇక అసలు విషయం. మీ ముగ్గురూ ఒకే కారులో వెళ్తున్నా, చట్టం దృష్టిలో ముగ్గురూ మూడు రకాల మనుషులు. దీన్ని తేల్చుకోకుండా తుపాకుల గురించి, డికాయ్‌ల (పక్షుల్ని రప్పించడానికి పెట్టే బొమ్మ బాతుల) గురించి మాట్లాడుకోవడం వృథా.

మీ అల్లుడుగారికి గ్రీన్ కార్డు ఉంది కాబట్టి అమెరికాలో తుపాకీ కొనుక్కోవచ్చు, ఉంచుకోవచ్చు. మీ అబ్బాయి సంగతి అలా కాదు. హెచ్1బి మీద ఉన్నవాళ్లు, మీలా విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ చేతిలో ఉంచుకోకూడదు. దానికి ఉన్న మినహాయింపుల్లో మీకు పనికొచ్చేది ఒకటుంది: అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. షూటింగ్ రేంజిలో ఐదు నిమిషాలు పట్టుకుని కాల్చి ఇచ్చేసినా పట్టుకున్నట్టే లెక్క. ఈ తప్పుకి శిక్ష జైలు, ఆ తర్వాత వీసా కూడా పోతుంది. ‘బావగారి తుపాకీయే కదా, సరదాగా రెండు రౌండ్లు’ అనుకుని చేసే పని కాదిది.

అందుకని మీ అబ్బాయి టెక్సస్ వేట లైసెన్సు తీసుకోవాలి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి అక్కడ హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ఉండాలి, అతను అది పూర్తి చేసి కార్డు తెచ్చుకోవాలి. మీ వయసు వాళ్లకి టెక్సస్‌లో ఆ కోర్సు తప్పనిసరి కాదు, నాన్‌రెసిడెంట్ లైసెన్సు కొంటే చాలు. అయినా ఆన్‌లైన్‌లో కోర్సు చెయ్యమనే మా సలహా. వేటకెళ్లే ప్రావిన్సు (కెనడాలో రాష్ట్రం లాంటిది) వాళ్లు శిక్షణ రుజువు అడిగితే చూపించడానికి ఉంటుంది. టెక్సస్‌లో ఏటా ఆగస్టు 15న కొత్త లైసెన్సులు అమ్మడం మొదలవుతుంది, అవి సెప్టెంబరు 1 నుంచి ఆగస్టు 31 దాకా చెల్లుతాయి. జులైలో పాతది కొంటే అక్టోబరుకి అది చిత్తు కాగితం.

కారులో ఉన్న తుపాకులన్నీ అల్లుడుగారి పేరునే ఉండాలి, పెట్టె తాళంచెవి కూడా ఆయన జేబులోనే ఉండాలి. దారిలో మోటెల్ దగ్గర ఆయన దిగి లోపలికెళ్తూ తాళాలు మీ అబ్బాయి చేతిలో పెట్టడం, లేదా ఆయన వెనక విమానంలో వస్తాను, మీరు కారు తీసుకెళ్లండి అనడం, ఈ రెండూ వద్దు. పెట్టె డిక్కీలో ఉన్నా తాళం మీ చేతిలో ఉంటే అది మీ అధీనంలో ఉన్నట్టే అని పోలీసు అనగలడు.

ఇప్పుడు కెనడా వీసా. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు పాస్‌పోర్టు, కార్డు చూపించి వెళ్లొచ్చు, విడిగా వీసా అక్కర్లేదు. మీకూ మీ అబ్బాయికీ మాత్రం విజిటర్ వీసా కావాలి. అమెరికా వీసా ఉంది కదా, పక్క దేశమే కదా అనుకుని సరిహద్దు దాకా వెళ్లి వెనక్కి వచ్చినవాళ్లు ఉంటారు. మీరు ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో పెట్టుకుని, వేలిముద్రలు హైదరాబాద్‌లోని వీఎఫ్ఎస్ కేంద్రంలో ఇవ్వండి. వీసాకి 100 కెనడా డాలర్లు, బయోమెట్రిక్స్‌కి 85. ఒకసారి ఇచ్చిన వేలిముద్రలు 10 ఏళ్లు పనికొస్తాయి. ప్రయాణ కారణం దగ్గర ‘పర్యటన’ అని వదిలేయకండి, వేట అనే రాయండి. అవుట్‌ఫిట్టర్, అంటే అక్కడ వేట ఏర్పాట్లు చేసేవాళ్లు, ఇచ్చిన బుకింగ్ లెటర్ జతపరచండి. దరఖాస్తులో ఒకటి, సరిహద్దులో నోటితో మరొకటి చెబితే ఆఫీసరుకి అనుమానం మొదలయ్యేది అక్కడే. అక్టోబరు ప్రయాణానికి ఏప్రిల్‌లోనే దరఖాస్తు పెట్టేయండి.

వెనక్కి అమెరికాలోకి వచ్చేటప్పుడు మీరు వీసా ఉన్న పాస్‌పోర్టుతో పాటు ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే రికార్డు) ప్రింటు దగ్గర ఉంచుకోండి. మీ అబ్బాయికి పాస్‌పోర్టులో హెచ్1బి స్టాంపు గడువు తీరిపోయి ఉంటే, ఐ-94 గడువు ఇంకా ఉండి, 30 రోజుల లోపు కెనడా వెళ్లొస్తే తిరిగి రానిచ్చే ఆటోమేటిక్ రీవ్యాలిడేషన్ అనే పద్ధతి ఉంది. కానీ కెనడాలో ఉండగా కొత్త అమెరికా వీసాకి దరఖాస్తు పెడితే అది వర్తించదు. స్టాంపు గడువు ఉన్న ఏడాదిలోనే ఈ ప్రయాణం పెట్టుకోవడం మేలు. బాతుల కోసం ఉద్యోగాన్ని పందెం కాయక్కర్లేదు.

ఇంట్లో అడగడానికి మొహమాటపడే ప్రశ్న ఒకటుంది, అడిగి తీరాలి. అల్లుడుగారి మీద గానీ అబ్బాయి మీద గానీ ఎప్పుడైనా తాగి కారు నడిపిన కేసు ఉందా? అమెరికాలో దాన్ని చిన్న కేసుగా జరిమానా కట్టి మర్చిపోయి ఉండొచ్చు. 2018 డిసెంబరు 18 నుంచి కెనడా దాన్ని తీవ్ర నేరాల జాబితాలోకి చేర్చింది. సరిహద్దు ఆఫీసరు కంప్యూటర్లో అమెరికా రికార్డులు కనిపిస్తాయి. శిక్ష పడి ఉంటే లోపలికి రానివ్వరు, ముందుగా టెంపరరీ రెసిడెంట్ పర్మిట్ లాంటిది తెచ్చుకోవాలి. అల్లుణ్ని మామగారు ఈ మాట అడగడం బాగోదనుకుంటే మీ అమ్మాయి చేత అడిగించండి. రెండు వేల కిలోమీటర్లు పైగా నడిపి గేటు దగ్గర ఆగిపోవడం కంటే ఇది నయం.

తుపాకుల కాగితాలు రెండే, కానీ రెండిట్లోనూ జనం పొరపాట్లు చేస్తారు. మొదటిది అమెరికా కస్టమ్స్ వారి ఫారం 4457. ఆ తుపాకీ బయల్దేరకముందు అమెరికాలోనే ఉందని చెప్పే రుజువు అది. అల్లుడుగారు తుపాకీని ఖాళీగా, పెట్టెలో పెట్టి, ముందు ఫోను చేసి, డల్లాస్ విమానాశ్రయం దగ్గరి కస్టమ్స్ ఆఫీసుకి తీసుకెళ్లాలి. ఆఫీసరు తుపాకీ మీది సీరియల్ నంబరు కాగితం మీది నంబరుతో సరిచూసి ముద్ర వేస్తారు. రుసుము లేదు. ఇది సరిహద్దు గేటు దగ్గర హడావుడిగా చేయించుకునే పని కాదు, సెప్టెంబరులోనే తీరిగ్గా చేయించుకోవాలి.

రెండోది కెనడాది, ఫారం 5589, నాన్‌రెసిడెంట్ ఫైర్‌ఆర్మ్ డిక్లరేషన్. రుసుము 25 కెనడా డాలర్లు, తుపాకులు ఎన్ని ఉన్నా అంతే. 60 రోజులు చెల్లుతుంది, ఆ 60 రోజులూ అదే లైసెన్సు. మూడు కాపీలు ఇంటి దగ్గరే నింపుకోవాలి: కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు, గేజ్ (మనం బోర్ అనేది), బ్యారల్ పొడవు, పంపా (ముందు పిడి లాగి తోస్తే తూటా ఎక్కేది) సెమీ ఆటోమేటిక్కా అన్నది. సీరియల్ నంబరు తుపాకీ బిల్లులోంచి ఎక్కించకండి, టార్చి వేసి తుపాకీ మీదే చూసి రాయండి. సున్నాకీ ‘ఓ’ అక్షరానికీ, 1కీ ‘ఐ’కీ తేడా తప్పిపోతే గేటు దగ్గర మొత్తం మళ్లీ రాయాలి. అన్నీ నింపాక సంతకం చోటు మాత్రం ఖాళీగా వదలండి. అది కెనడా ఆఫీసరు కళ్ల ముందు పెట్టాల్సిన సంతకం, ముందే పెట్టేస్తే కాగితం చెల్లదు.

మీరూ మీ అబ్బాయీ కాల్చడానికి తుపాకులు అక్కడే అవుట్‌ఫిట్టర్ దగ్గర తీసుకోవడం ఉత్తమం. కెనడాలో లైసెన్సు లేని మనిషి, లైసెన్సున్న మనిషి పక్కనే ఉండి నేరుగా పర్యవేక్షిస్తుండగా మామూలు షాట్‌గన్ వాడొచ్చు. పక్కనే అంటే చెయ్యి చాస్తే తుపాకీ అందేంత దగ్గర. గైడు అవతలి గట్టు మీద డికాయ్‌లు సర్దుతుంటే అది పర్యవేక్షణ కాదు. విడిగా, స్వేచ్ఛగా పట్టుకోవాలంటే ఆ ప్రావిన్సు చీఫ్ ఫైర్‌ఆర్మ్స్ ఆఫీసరు దగ్గర తాత్కాలిక అరువు లైసెన్సు ముందే తెప్పించుకోవాలి. రెండిట్లో ఏది చేస్తారో, మీ ఇద్దరికీ చెరో గైడుని ఇస్తారో లేదో అవుట్‌ఫిట్టర్‌ని ఈమెయిల్‌లో అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

టెక్సస్ నుంచి కెనడా వెళ్లేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది వేట తుపాకీ వల్ల కాదు, మరిచిపోయిన పిస్తోలు వల్ల. అక్కడ కారు డాష్‌బోర్డు అరలో పిస్తోలు ఉంచుకోవడం మామూలు. కెనడాలోకి అది పూర్తిగా నిషేధం. 2022 అక్టోబరు 21 నుంచి అక్కడ చేతి తుపాకుల మీద ఆంక్షలు మరీ గట్టిపడ్డాయి. ఏఆర్-15 లాంటి రైఫిళ్లని 2020 మే 1నే నిషేధించారు. బయల్దేరే ముందు రోజు కారుని పూర్తిగా ఖాళీ చేయించండి. డాష్‌బోర్డు అర, సీట్ల మధ్య పెట్టె, సీటు కింద, తలుపు జేబులు, స్టెప్నీ గుంట, అన్నిట్లో చెయ్యి పెట్టి చూడాలి. మ్యాగజైను, విడి తూటాలు కూడా ఉండకూడదు. మీ అమ్మాయి తాళాలగుత్తికి పెప్పర్ స్ప్రే వేలాడుతుంటే అదీ తీసేయాలి, మనుషుల మీద కొట్టే స్ప్రే కెనడాలో నిషిద్ధ ఆయుధం. గేటు దగ్గర ‘తుపాకులున్నాయా’ అని అడిగినప్పుడు ఎన్ని, ఏవి, ఎక్కడున్నాయి అన్నీ ఒక్క ముక్కలో చెప్పేయాలి. చెప్పకుండా ఉండి దొరికితే తుపాకీ పోతుంది, కారు కూడా స్వాధీనం చేసుకోవచ్చు, కేసు పెట్టొచ్చు.

డల్లాస్ నుంచి ఉత్తరానికి ఓక్లహామా, కాన్సస్, డకోటాల మీదుగా వెళ్తే నార్త్ పోర్టల్ దగ్గర సరిహద్దు దాటొచ్చు. అది 24 గంటలూ తెరిచి ఉండే చోటు. ఆ ప్రాంతంలో చిన్న గేట్లు కొన్ని సాయంత్రానికి మూసేస్తారు, మ్యాపులో దగ్గరగా కనిపించినా అటు పోవద్దు. తుపాకులు ఖాళీగా, తాళం వేసిన పెట్టెలో, డిక్కీలో ఉండాలి. తూటాలు వేరే పెట్టెలో ఉండాలి. అన్నట్టు మీరు ఇంటి నుంచి తీసుకెళ్లే కోడి పచ్చడి, మాంసం పచ్చడి అమెరికా విమానాశ్రయంలోనే తీసి పారేస్తారు. ఆవకాయ, గోంగూరతో సరిపెట్టుకోండి, అవి కూడా డిక్లేర్ చేసి.

తూటాల విషయంలో మీ అనుభవాన్ని కాస్త పక్కన పెట్టాలి. ఇక్కడ మీరు వాడే గుళ్ల సైజు నంబర్లూ అమెరికా పెట్టెల మీది నంబర్లూ ఒకటి కావు. అక్కడి బీబీ సైజు గుండు మన బీబీ కంటే లావు. ఉక్కు సీసం కంటే తేలిక కాబట్టి దూరం పోయేకొద్దీ దాని ఊపు త్వరగా తగ్గిపోతుంది. అందుకే సీసంలో వాడేదానికి రెండు సైజులు పైది తీసుకుంటారు. పెద్దబాతులకి 12 గేజ్, 3 అంగుళాల తూటాలో బీబీ లేదా 2 నంబరు ఉక్కు సరిపోతుంది. చోక్ (బ్యారల్ మూతి దగ్గరి బిగువు) మోడిఫైడ్, అంటే మధ్యరకం చాలు, ఫుల్ చోక్ వద్దు. 35 గజాలు దాటిన పక్షి మీద కాల్చకండి. తగిలినట్టే ఉంటుంది, గాయంతో ఎగిరిపోయి ఎక్కడో చస్తుంది. వేట మీద గౌరవం ఉన్నవాడు చెయ్యకూడని పని అది. నీటిపక్షుల వేటలో ఉన్నప్పుడు జేబులో సీసపు తూటా ఉండటమే నేరం, కాల్చకపోయినా సరే. వేటకని సుంకం లేకుండా 200 తూటాలు తీసుకెళ్లొచ్చు, మీ రోజులకి అవి చాలు. కెనడాలో కొన్న తూటాలు మిగిలితే అక్కడే ఇచ్చేసి రండి, అమెరికాలోకి తేవడానికి విడిగా అనుమతి కావాలి.

అల్లుడుగారిది పంపు తుపాకీ అయితే దాని మ్యాగజైను గొట్టంలో ప్లగ్గు ఉండాలి. వలస పక్షుల వేటలో తుపాకీలో మొత్తం మూడు తూటాలకి మించి పట్టకూడదు: గొట్టంలో రెండు, ఛాంబరులో ఒకటి. ప్లగ్గు అంటే చిన్న చెక్క లేదా ప్లాస్టిక్ కడ్డీ, గొట్టం మూత విప్పి స్ప్రింగు లోపల పెడతారు. శుభ్రం చెయ్యడానికి తీసి మళ్లీ పెట్టడం మర్చిపోవడం చాలా మామూలు. ఇంటి దగ్గరే డమ్మీ తూటాలతో పరీక్షించండి. గొట్టంలోకి రెండు వెళ్లాక మూడోది ఆగిపోవాలి. పొలంలో వార్డెన్ (వేట నిబంధనలు తనిఖీ చేసే అధికారి) వచ్చి సరిగ్గా ఇదే చేసి చూస్తారు.

ఇంకా ముఖ్యమైనది మీ చేతుల అలవాటు. డబుల్ బ్యారల్ విరిచి పట్టుకుంటే రెండు గొట్టాల్లోంచి వెలుగు కనిపిస్తుంది, ఖాళీ అని పక్కవాడికి కూడా తెలుస్తుంది. పంపులో గానీ సెమీ ఆటోమేటిక్‌లో గానీ ఆ వీలు లేదు. సెమీ ఆటోమేటిక్ ఒకటి కాలిస్తే ఇంకొకటి దానంతటదే ఛాంబరులోకి ఎక్కి కూర్చుంటుంది. రెండు కాల్చాక ఖాళీ అయిందని మీ చెయ్యి అనుకుంటుంది, అక్కడ మూడోది సిద్ధంగా ఉంటుంది. కుదిరితే అవుట్‌ఫిట్టర్‌ని ఓవర్ అండర్, అంటే ఒకదాని మీద ఒకటి ఉండే రెండు గొట్టాల తుపాకీ అడగండి. లేదంటే టెక్సస్ లైసెన్సు చేతికొచ్చాక ఏదైనా క్లే పిజన్ (గాల్లోకి విసిరే మట్టి బిళ్లలు కాల్చే) రేంజిలో పంపుతో కనీసం వంద తూటాలు కాల్చి, ఖాళీ చేసి ఛాంబరులో వేలు పెట్టి చూసుకోవడం అలవాటయ్యాకే పొలానికి వెళ్లండి.

బ్లైండులో, అంటే పక్షులకి కనపడకుండా దాక్కునే మాటులో, ముగ్గురు పక్కపక్కన కూర్చుంటారు. ఎవరి ముందున్న ఆకాశం వాళ్లది. పక్షి పక్కవాడి వైపు దాటిందంటే మీది కాదు, బ్యారల్ ఆగిపోవాలి. బ్లైండులోంచి బయటికి వచ్చే ముందు తుపాకీ ఖాళీ చెయ్యాలి. గోధుమ మోళ్ల మీద పడుకుని లేచినప్పుడు బ్యారల్ మూతిలోకి మట్టో మంచో దూరితే తరువాతి గుండుకి బ్యారల్ పగులుతుంది. ఇంకొకటి, ఎవరి దగ్గరైనా 20 గేజ్ తుపాకీ ఉంటే ఆ తూటాలు వేరే సంచీలో, వేరే మనిషి దగ్గర ఉండాలి. 20 గేజ్ తూటా 12 గేజ్ ఛాంబరులోంచి జారి బ్యారల్లో ఇరుక్కుంటుంది. పేలలేదేమిటని వెనక 12 గేజ్ తూటా వేసి కాలిస్తే బ్యారల్ చేతిలోనే పేలుతుంది. 20 గేజ్ తూటాలకి పసుపు రంగు వేసేది అందుకే.

చలి గురించి భీమవరంలో కూర్చుని ఊహించుకోవడం కష్టం. అక్టోబరులో సస్కాచవాన్ తెల్లవారుజాములు సున్నా కిందికి పోతాయి. సూర్యోదయానికి అరగంట ముందు నుంచీ వేట సమయం, అంటే మీరు నాలుగింటికే చీకట్లో డికాయ్‌లు పరచడానికి బయల్దేరాలి. నూలు బనియన్ వద్దు. చెమట పట్టి తడిసి, కదలకుండా కూర్చునేసరికి మంచుగడ్డలా అంటుకుంటుంది. ఒంటికి ఆనేది ఉన్ని లేదా పాలియెస్టర్, పైన ఫ్లీస్, ఆపైన గాలి చొరని జాకెట్టు. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోండి, రెండు జతల సాక్సు వేసి బిగిస్తే రక్తం ఆడక వేళ్లు మొద్దుబారతాయి. తుపాకీకి చమురు ఎక్కువ రాయనివ్వకండి, చలికి కొబ్బరినూనె పేరినట్టు పేరి ఫైరింగ్ పిన్ కదలదు. బీపీ, షుగర్ మాత్రలుంటే ప్రిస్క్రిప్షనుతో, అసలు డబ్బాల్లోనే పెట్టుకోండి. మీ వయసులో చలిగాలిలో బరువులు మోసేముందు ఒకసారి గుండె డాక్టరుకి చూపించుకోండి. కెనడాలో చెల్లే ప్రయాణ బీమా తీసుకోండి, అమెరికాకి తీసుకున్నది అక్కడ చెల్లుతుందో లేదో పాలసీలో చదవండి. పడుకునే రకం బ్లైండులోంచి ఒక్కసారిగా లేచి కాల్చడం నడుముకి కష్టం, బెంచీ మీద కూర్చునే ఎ-ఫ్రేమ్ బ్లైండు అడగండి.

వేట అనుమతులు రెండు అంచెలు. వలస పక్షుల వేటకి కెనడా ప్రభుత్వ పర్మిట్టు, దానితో పాటు హ్యాబిటాట్ కన్సర్వేషన్ స్టాంపు. ఆపైన ప్రావిన్సు లైసెన్సు. ముగ్గురికీ విడివిడిగా కావాలి. కొన్ని ప్రావిన్సుల్లో విదేశీయులకి డ్రా (లాటరీ) పద్ధతి ఉంది కాబట్టి అవుట్‌ఫిట్టర్‌కి అడ్వాన్సు కట్టేముందే ఆ ఏటి నిబంధనలు చదవండి. రోజుకి ఎన్ని, మొత్తం దగ్గర ఎన్ని ఉండొచ్చు అన్నది జాతిని బట్టి మారుతుంది. ఎవరు కొట్టిన పక్షులు వాళ్ల కట్టలో విడిగా ఉంచి పేరు, పర్మిట్టు నంబరు, తేదీ, సంతకంతో చీటీ కట్టాలి. ముగ్గురివీ ఒకే ఐస్ పెట్టెలో కలిపేస్తే, పెట్టె ఎవరిదైతే వాళ్లు పరిమితి దాటినట్టు లెక్క.

ఆ మాంసం డల్లాస్ దాకా తీసుకెళ్లొచ్చు. బర్డ్ ఫ్లూ వల్ల అమెరికా 2022లో పెట్టిన నిబంధనల ప్రకారం పేగులు, తల, మెడ, కాళ్లు, చర్మం, ఒక రెక్క తీసేయాలి. రెండో రెక్క మాత్రం ఈకలతో సహా అలాగే ఉంచాలి, జాతి గుర్తుపట్టడానికి. మంచినీళ్లతో కడిగి, చల్లబరచి లేదా గడ్డకట్టించి, కారని సంచీల్లో మూసి పెట్టాలి. అన్నీ ఒలిచేసి రొమ్ము మాంసం ముక్కలు చేసుకుని తెస్తే శుభ్రంగా ఉందని మీరనుకుంటారు, రెక్క లేదని గేటు దగ్గర తీసేసుకుంటారు. ఈ నిబంధనలు జబ్బు తీవ్రతని బట్టి మారుతుంటాయి, బయల్దేరే వారంలో అల్లుడుగారిని అమెరికా వ్యవసాయ శాఖ వెబ్‌సైటు ఒకసారి చూడమనండి. వండేముందు మాంసం వేళ్లతో నొక్కి చూడండి, ఉక్కు గుండు కొరికితే పన్ను విరుగుతుంది.

డల్లాస్ నుంచి మన ఊరికి మాత్రం ఏదీ వద్దండి. మాంసం, ఈకలు, స్టఫ్ చేసిన పక్షి, ఏదైనా సరే. అడవి జంతువుల, పక్షుల భాగాల దిగుమతి మీద మన దగ్గర గట్టి ఆంక్షలున్నాయి, శంషాబాద్ కస్టమ్స్‌లో వివరించుకోవడం మీ వల్ల కాదు. అక్కడ చట్టబద్ధంగా కొట్టే సూదితోక బాతే శీతాకాలంలో మన కొల్లేటికీ వస్తుంది. ఇక్కడ 1972 వన్యప్రాణి చట్టం కింద దానికి రక్షణ ఉంది, కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం. తిరిగొచ్చాక వేట ఫోటోలు చూపించేటప్పుడు అవి కెనడావని, ఇక్కడ అలా చెయ్యడం జైలు కేసని చెరువుల మీది కుర్రాళ్లకి స్పష్టంగా చెప్పండి. మీ చేతిలో లైసెన్సు తుపాకీ ఉంది కాబట్టి మీ మాట వాళ్లు ఇంకా జాగ్రత్తగా వింటారు.

ఈ వారం చెయ్యాల్సినవి మూడే. మీ పాస్‌పోర్టు గడువు చూసుకోండి, తక్కువుంటే ముందు దాన్ని మార్పించండి. అబ్బాయి హెచ్1బి స్టాంపు తేదీ అడగండి. అల్లుడుగారి చేత అవుట్‌ఫిట్టర్‌కి ఈమెయిల్ పెట్టించి, అరువు తుపాకులు, గైడుల సంఖ్య, బ్లైండు రకం, వీసాకి ఇచ్చే లెటర్, ఈ నాలుగింటికీ జవాబు వచ్చాకే అడ్వాన్సు పంపమనండి.